వెనక తిప్పి చూడకుండా ఏ నగనూ నీళ్లలో వేయకండి

అమ్మా, మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. అమ్మాయి పెళ్లి దగ్గర పడింది. కావలిలో బ్యాంకు లాకర్‌లోంచి మీ అత్తగారి నగలు బయటికి తీశారు. ఎర్రరాళ్ల హారం మసకబారింది, కాసులపేరు కళ తప్పింది, రెండు పేటల ముత్యాల దండ పచ్చబడింది, వెండి పట్టీలు నల్లగా అయిపోయాయి. ఒక వీడియోలో టూత్‌పేస్ట్ అంటున్నారు, ఇంకో దాంట్లో వంటసోడా, నిమ్మకాయ అంటున్నారు, మీ వదినగారేమో కుంకుడుకాయ చాలంటున్నారు. మీ వీధిలోకి ‘నగలకు మెరుగు పెడతాం’ అంటూ ఇద్దరు మనుషులు తిరుగుతున్నారని కూడా చివర్లో రాశారు.

మాది తరాలుగా బంగారం పని చేసే ఇల్లు. నెల్లూరు ఆచారి వీధి చుట్టుపక్కలే నా పనంతా. రిపేరుకి నా దగ్గరికి వచ్చే పాత నగల్లో మురికి పట్టి పాడైనవి తక్కువ, ఇంట్లో కడగబోయి పాడుచేసుకున్నవి ఎక్కువ. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు ఆ మెరుగు మనుషుల సంగతి. వాళ్లను గుమ్మం దాటి రానివ్వకండి. వాళ్ల పద్ధతి ఎక్కడైనా ఒకటే. మొదట ఇత్తడి చెంబో, వెండి కుందో ఉచితంగా తోమి చూపిస్తారు. అది తళతళలాడేసరికి ఇంట్లోవాళ్లకు నమ్మకం కుదురుతుంది. అప్పుడు మెడలో గొలుసు అడుగుతారు. పసుపు కలిపిన నీళ్లలో ముంచి, డబ్బాలో పెట్టి మూత బిగించి, ‘అరగంట ఆగి తీయండి’ అని చెప్పి వెళ్లిపోతారు. ఆ నీళ్లలో ఉండేది నైట్రిక్ యాసిడ్ ఒక పాలు, హైడ్రోక్లోరిక్ యాసిడ్ మూడు పాళ్లు కలిపిన ద్రావకం. బడి పుస్తకాల్లో ద్రవరాజం అని చదివి ఉంటారు, ఇంగ్లిష్‌లో ఆక్వా రీజియా. బంగారాన్ని కరిగించగలిగే అతి కొద్ది ద్రావకాల్లో అదొకటి. గొలుసు ఆకారం చెడదు, పైపొర మాత్రం కరిగి నీళ్లలోకి పోతుంది. ఆ నీళ్లలోంచి బంగారాన్ని మళ్లీ పొడిగా రాబట్టుకోవచ్చు, అందుకే ఆ నీళ్లను వాళ్లు పారబోయరు, పట్టుకుపోతారు. పసుపు ఎందుకంటే, ఆ ద్రావకం రంగు మీకు కనిపించకుండా ఉండటానికి. తర్వాత కాటా వేయిస్తే తెలుస్తుంది ఎంత పోయిందో. పక్కింట్లో ఎవరైనా ఇప్పటికే ఇచ్చి ఉంటే వెంటనే తూకం వేయించి, 112కి ఫోన్ చేయమనండి.

ఇక మీ నగల దగ్గరికి వద్దాం. అన్ని నగలకూ సరిపోయే ఒకే పద్ధతి చెప్పమని అడిగారు. అలాంటిది లేదమ్మా. నగకు ముఖం ఒకటి, వీపు ఒకటి ఉంటాయి. కొనేటప్పుడు, పెట్టుకునేటప్పుడు అందరం ముఖమే చూస్తాం. కడగొచ్చా లేదా అని చెప్పేది మాత్రం వీపు. పగటి వెలుతురులో తెల్ల గుడ్డ పరిచి, ఒక్కో నగనూ తిప్పి పెట్టి చూడండి. ఫోన్ కెమెరాలో జూమ్ చేసి చూసినా బాగా తెలుస్తుంది. చూడాల్సినవి ఇవీ: రాయి వెనక తెరిచి ఉందా, మూసి ఉందా. లోపల డొల్లా, గట్టి బంగారమా. దారం మీద గుచ్చిందా, బంగారు తీగ మీదా. ఎక్కడైనా జిగురు ఆనవాలు ఉందా. ఇవి తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

మీ హారంతో మొదలుపెడతాను, ఎక్కువ నష్టం జరిగేది అక్కడే కాబట్టి. ఎర్రరాయి వెనక కన్నం ఉండి, ఎత్తి పట్టుకుంటే అవతలి వెలుతురు రాయిలోంచి కనిపిస్తే అది తెరిచిన పొదుగు. వెనకంతా బంగారు రేకుతో మూసేసి ఉంటే మూసిన పొదుగు. మన పాత హారాలు, వడ్డాణాలు, అరవంకీలు, జడబిళ్లలు చాలావరకు మూసిన పొదుగే. అందులో రాయి కింద సన్నటి తగడు పరుస్తారు. వెండి తగడో, బంగారు తగడో, రంగు వేసిన తగడో. రాయిలోకి దిగిన వెలుతురు ఆ తగడుకు తగిలి వెనక్కి వస్తుంది, ఆ ఎరుపు నిప్పుకణికలా మెరవడానికి కారణం అదే. కొన్నిట్లో తగడు కింద లక్క కూడా ఉంటుంది. ఇలాంటి నగను నీళ్లలో ముంచితే రాయి అంచు సందులోంచి నీరు లోపలికి దిగుతుంది. బయటికి రావడానికి దారి ఉండదు. కొన్నాళ్లకు తగడు నల్లబడుతుంది, రాయి చచ్చిపోయినట్టు కనిపిస్తుంది. పైనుంచి ఎంత తుడిచినా ఆ కళ తిరిగి రాదు. రాయి ఊడదీసి, తగడు మార్చి, మళ్లీ పొదగాల్సిందే. పాత పొదుగు కదిలిస్తే అంచు బంగారం విరిగే ప్రమాదం కూడా ఉంది.

కాబట్టి మూసిన పొదుగు అని తేలితే నీళ్లు వద్దు. మెత్తటి మేకప్ బ్రష్ లాంటిది కొత్తది తీసుకుని, రాళ్ల మధ్య దుమ్మును మెల్లగా ఊడ్చండి. దుమ్ము పోయాకే గుడ్డ పెట్టాలి, ముందు గుడ్డతో రుద్దకూడదు. దీనికి కారణం ఉంది. గట్టిదనాన్ని కొలిచే మోస్ స్కేలులో బంగారం 2.5 నుంచి 3 మధ్య ఉంటుంది. మన గాల్లో తిరిగే దుమ్ములో ఉండే ఇసుక రేణువు 7. దుమ్ముతో సహా రుద్దితే గరుకు కాగితం పెట్టినట్టే. చీమకుర్తి క్వారీల దగ్గర ఉండేవాళ్లయితే ఈ మాట ఇంకా గట్టిగా పట్టించుకోవాలి, ఆ రాతి దుమ్ము కూడా బంగారం కంటే చాలా గట్టిది. ఊడ్చాక నూలు గుడ్డ కొసను తడిపి బాగా పిండేసి, బంగారం ఉన్న చోట మాత్రమే తుడిచి, వెంటనే పొడి గుడ్డతో అద్దండి. వెనక వైపు చెమట, పౌడరు పేరుకుని ఉంటే ఆ రేకు మీద ఇలాగే చేయండి. అంతకు మించి చేయాల్సింది ఏమైనా ఉంటే పనివాడికే వదిలేయండి.

తెరిచిన పొదుగు అయితే, రాళ్లు కెంపులే అయితే, కొంచెం ధైర్యం చేయొచ్చు. కెంపు గట్టిదనం 9. కానీ ఈ మధ్య వచ్చే చౌక కెంపుల్లో చాలావాటికి పగుళ్లలో సీసం కలిపిన గాజు నింపి ఉంటుంది. అలాంటి రాయికి నిమ్మరసం తగిలినా ఆ గాజు తినేసుకుపోయి తెల్లటి గీతలు బయటపడతాయి. మీ అత్తగారి కాలం నాటి రాళ్లకు ఆ బెడద తక్కువే అయినా, మధ్యలో ఎప్పుడైనా రాళ్లు మార్పించి ఉంటే తెలియదు కదా. అందుకని నిమ్మకాయ, చింతపండు, వెనిగర్ రాళ్ల నగల దగ్గరికి రానీయకండి.

ఇప్పుడు కాసులపేరు. కాసులు గట్టి రేకే అయితే సమస్య లేదు. కాసుల మధ్య గుండ్లు ఉన్నాయా చూడండి. గుండ్లు, లావుపాటి పాత గాజులు, కొన్ని పుస్తెలు లోపల డొల్లగా చేసి లక్క నింపుతారు. సైజుకు తగ్గ బరువు లేకపోవడం, ఎక్కడో సన్నటి కన్నం, ఆ కన్నంలోంచి ముదురు గోధుమరంగు కనిపించడం దీని గుర్తులు. లక్క వేడికి మెత్తబడుతుంది. మరిగే నీళ్లలో వేశారంటే లోపల లక్క కరిగి బయటికి కారుతుంది, ఆసరా పోయి గుండు సొట్టపడుతుంది. లక్క లేని వట్టి డొల్ల గుండైతే కన్నంలోంచి సబ్బునీళ్లు లోపలికి వెళ్లి, పెళ్లిలో పట్టుచీర మీద మరక వదులుతాయి. రెండు రకాలకూ వేడినీళ్లు, నానబెట్టడం పనికిరావు. తడి గుడ్డే మేలు.

గుండ్లు లేకుండా గట్టి బంగారమైతే, అలాగే మీరు రోజూ వేసుకునే గొలుసు, రాళ్లు లేని గాజులు, వీటికి మీ వదినగారు చెప్పిందే సరైన మాట. కుంకుడుకాయ. మా పెద్దవాళ్లు పని పూర్తయిన ప్రతి నగనూ కుంకుడు రసంతోనే కడిగేవాళ్లు, ఇప్పటికీ నేను అదే వాడతాను. కుంకుడులో ఉండే సపోనిన్లు జిడ్డును పట్టి లాగేస్తాయి, గీతలు పెట్టవు.

బంగారం ఎందుకు మసకబారుతుందో కూడా తెలుసుకోండి. మేలిమి బంగారానికి తుప్పు లేదు. కానీ మనం వేసుకునేది 22 క్యారెట్లు, అంటే నూటికి 91.6 పాళ్లు బంగారం, మిగతాది రాగి, వెండి. 916 అని ముద్ర ఉండేది అందుకే. 18 క్యారెట్లయితే 75 పాళ్లే బంగారం. ఆ కలిపిన రాగి, వెండి కాస్త నల్లబడతాయి. దాని మీద చెమట, నూనె, పౌడరు, సబ్బు పేరుకుంటాయి. మీకు కనిపించే మసకలో ఎక్కువ భాగం ఈ జిడ్డే. జిడ్డు పోతే చాలు, సగం మెరుపు దానంతటదే వస్తుంది.

నాలుగైదు కుంకుడుకాయలు కొట్టి, గింజలు తీసేసి, వేడినీళ్లలో నానబెట్టి, పిసికి వడకట్టండి. వడకట్టడం మరిచిపోవద్దు, పిప్పి గొలుసు లింకుల్లో ఇరుక్కుంటుంది. రసం గోరువెచ్చగా అయ్యాక గొలుసు వేసి పావుగంట ఉంచి, చిన్నపిల్లల మెత్తటి టూత్‌బ్రష్‌తో లింకుల మధ్య మెల్లగా తోమండి. కుంకుడు దొరకకపోతే గిన్నెలు కడిగే లిక్విడ్ కొన్ని చుక్కలు గోరువెచ్చటి నీళ్లలో వేసినా సరిపోతుంది. బట్టల పౌడరు వద్దు. ఇదంతా సింకులో చేయకండి, ఎప్పుడూ గిన్నెలోనే చేయండి. కడిగిన నీళ్లను కూడా గుడ్డలో వడపోసి పారబోయండి. ఊడిన రాయో, చిన్న సీలో అందులో దొరుకుతుంది.

నీళ్ల గురించి ప్రత్యేకంగా చెప్పాలి, మన జిల్లాల్లో ఇది పెద్ద విషయం. కావలి నుంచి ఒంగోలు దాకా, ఇంకా కనిగిరి వైపు మరీనూ, చాలా ఊళ్లలో బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్ల పెచ్చు కడుతుంది. ఆ నీళ్లలోని కాల్షియం సబ్బుతో కలిసి నురగకు బదులు తెల్లటి తెట్టుగా మారుతుంది. రోజూ స్నానంలో గొలుసు మీద పేరుకునేది అదే. మీరు శుభ్రంగా కడిగి, చివర్లో బోరు నీళ్లలోనే జాడిస్తే ఆరాక మళ్లీ తెల్ల మచ్చలు పడతాయి. చివరి జాడింపు తాగే ఆర్‌ఓ నీళ్లతో చేయండి, ఒక గిన్నెడు చాలు. తర్వాత మెత్తటి పాత పంచె గుడ్డతో అద్ది, ఫ్యాను కింద గంటసేపు ఆరనివ్వండి. ఎండలో పెట్టనక్కర్లేదు. తడి పూర్తిగా పోకముందే డబ్బాలో పెట్టేయడం చాలామంది చేసే పని, అది మాత్రం చేయవద్దు.

టూత్‌పేస్ట్ ఎందుకు వద్దంటున్నానంటే, అది పళ్ల మీది గారను గీకడానికి చేసింది. అందులో సిలికా, సుద్ద లాంటి సన్నటి పొడులు ఉంటాయి. పంటి పింగాణీ గట్టిదనం 5 దాకా ఉంటుంది, తట్టుకుంటుంది. బంగారం తట్టుకోదు. రుద్దిన రోజు మెరిసినట్టే ఉంటుంది, వెలుతురులో వంచి చూస్తే వేల సన్నటి గీతలు కనిపిస్తాయి. ఆ గీతల్లో మురికి మరింత త్వరగా పడుతుంది. వంటసోడాను ముద్దగా చేసి రుద్దడం కూడా అంతే.

నకాషీ నగలు, దేవతల బొమ్మలు చెక్కిన టెంపుల్ నగలు ఉన్నవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. గీతల లోపల ఉండే ఆ నలుపు మురికి కాదు. బొమ్మ ఉబ్బెత్తుగా కనిపించాలని పనివాడు కావాలని వదిలిన నలుపు. దాన్ని తోమేస్తే లక్ష్మీదేవి ముఖం చదునైపోయినట్టు ఉంటుంది.

మంగళసూత్రం గురించి మీరు అడగలేదు గానీ చాలామంది అడుగుతారు. పసుపు బంగారాన్ని ఏమీ చేయదు. కానీ పసుపు, కుంకుమ, చెమట కలిసి పుస్తెల వెనక, నల్లపూసల సందుల్లో గట్టిపడతాయి. మెడలోంచి తీయడం ఇష్టం లేనివాళ్లు తడి గుడ్డతో మెడలోనే తుడుచుకోవచ్చు. కడగాలంటే పసుపుకొమ్ము కట్టిన తాడు ముందు మెడలో వేసుకుని, తర్వాత గొలుసు తీసి కుంకుడు రసంలో కడగండి. మన ఇళ్లలో పద్ధతి అదే కదా. కడిగేటప్పుడు కొక్కెం, పుస్తెల వలయాలు అరిగాయేమో చూడండి. గొలుసు తెగేది చాలావరకు అక్కడే.

ముత్యాలు. వీటి విషయంలో మీరు ఎంత జాగ్రత్తగా ఉన్నా ఎక్కువ కాదు. ముత్యం అంటే కాల్షియం కార్బొనేటే, పొరలు పొరలుగా పేరుకున్నది. సుద్దముక్క మీద నిమ్మరసం పోస్తే ఎలా పొంగుతుందో ముత్యం మీద కూడా అదే రసాయన చర్య. నిమ్మకాయ, వెనిగర్ తగిలితే పైపొర కరిగి, నిగనిగ పోయి, పాలిపోతుంది. పోయిన పొర మళ్లీ రాదు. చెమటలో కూడా కొంచెం ఆమ్ల గుణం ఉంది, అందుకే మెడకు తగిలే ముత్యాలు ముందు కళ తప్పుతాయి. సెంటు, హెయిర్ స్ప్రే వాటికి శత్రువులు. అలంకరణ అంతా అయ్యాక చివర్లో ముత్యాలు వేసుకోవాలి, తీసేటప్పుడు ముందుగా తీయాలి. తీసిన వెంటనే ఆర్‌ఓ నీళ్లలో తడిపి పిండిన మెత్తటి గుడ్డతో ఒక్కో ముత్యాన్నీ తుడిచి, చదునుగా పరిచి ఆరనివ్వండి. వేలాడదీస్తే తడి దారం సాగుతుంది.

మీ దండ పచ్చబడింది అన్నారు. పైన పట్టిన జిడ్డు వల్ల అయితే తడి గుడ్డకే కొంత తగ్గుతుంది. ఏళ్ల తరబడి వయసుతో వచ్చిన రంగు అయితే పోదు, పోగొట్టాలని బ్లీచింగ్ లాంటివి ప్రయత్నించకండి. ఆ వెన్నరంగు పాత ముత్యాలకు అందమే అని నా అభిప్రాయం. మీకు అసలు ముఖ్యం దారం. లాకర్‌లో ఏళ్లు ఉన్న దారం బయటికి బాగానే కనిపిస్తుంది, లోపల పుచ్చిపోయి ఉంటుంది. పెళ్లి పందిట్లో తెగితే రెండు పేటల ముత్యాలు ఎక్కడని ఏరతారు? పెళ్లికి ముందే మళ్లీ గుచ్చించండి. ముత్యానికీ ముత్యానికీ మధ్య ముడి వేయమని చెప్పండి, అప్పుడు ఒకచోట తెగినా ఒకటే రాలుతుంది, ముత్యాలు ఒకదానికొకటి ఒరుసుకోవు కూడా.

పగడం కూడా కాల్షియం కార్బొనేటే, ముత్యానికి చెప్పినదంతా దానికీ వర్తిస్తుంది. పచ్చ చూడ్డానికి గట్టి రాయే, 7.5 నుంచి 8. కానీ దాదాపు ప్రతి పచ్చలోనూ లోపల సన్నటి పగుళ్లు ఉంటాయి, అవి కనపడకుండా నూనె ఎక్కించి అమ్ముతారు. వేడినీళ్లు, సబ్బులో నానబెట్టడం, షాపుల్లో వాడే అల్ట్రాసోనిక్ మెషిన్, ఇవన్నీ ఆ నూనెను బయటికి తీసేస్తాయి. అప్పటిదాకా దాగిన పగుళ్లు ఒక్కసారిగా కనిపించి ‘షాపువాడు రాయి మార్చేశాడు’ అని గొడవలు పడిన సందర్భాలు చూశాను. నవరత్నాల ఉంగరంలో ముత్యం, పగడం, పచ్చ మూడూ ఉంటాయి కాబట్టి, అందులో వజ్రం ఉందని ధైర్యం చేయకండి. ఎక్కువ సుకుమారమైన రాయికి ఏది నప్పుతుందో మొత్తం ఉంగరానికీ అదే.

వజ్రాలకైతే ఇంత భయం లేదు. జిడ్డు వజ్రానికి ఇట్టే అంటుకుంటుంది, అదీ వెనక వైపు పేరుకుంటుంది, వెలుతురు తిరిగిరాక రాయి బూడిదరంగుగా కనిపిస్తుంది. గోరువెచ్చటి సబ్బునీళ్లలో నానబెట్టి, మెత్తటి బ్రష్‌తో వెనక నుంచి తోమితే చాలు. తోమాక చెవి దగ్గర పెట్టి మెల్లగా ఊపండి. టిక్కుమని చప్పుడు వస్తే రాయి వదులైనట్టు, వేసుకోకుండా పనివాడి దగ్గరికి పంపండి.

వెండి పట్టీలు మీరు ఇంట్లోనే చక్కగా చేసుకోగలరు. వెండి మీది నలుపు వెండి సల్ఫైడ్, గాల్లోని గంధకపు వాయువులతో వెండి కలిసి ఏర్పడింది. తోమితే ఆ నలుపుతో పాటు కాస్త వెండి కూడా పోతుంది. తోమకుండా తిరిగి వెండిగా మార్చే పద్ధతి ఒకటుంది. గాజు గిన్నెలోనో, ప్లాస్టిక్ టబ్బులోనో అడుగున వంటింట్లో వాడే అల్యూమినియం ఫాయిల్ పరవండి. పట్టీలు దాని మీద, ఫాయిల్‌కు తగిలేలా పెట్టండి. లీటరు బాగా వేడి నీళ్లకు రెండు మూడు చెంచాల వంటసోడా కలిపి పోయండి. కుళ్లిన కోడిగుడ్డు వాసన కొంచెం వస్తుంది, కంగారు పడకండి, పని జరుగుతోందని అర్థం. గంధకం అల్యూమినియం వైపు వెళ్లిపోయి, వెండి వెండిగా మిగులుతుంది. మరీ నల్లగా ఉంటే నీళ్లు, ఫాయిల్ మార్చి మళ్లీ చేయండి. తర్వాత జాడించి, మువ్వల లోపలి నీరు పోయేలా విదిలించి బాగా ఆరబెట్టండి. మీనా రంగులు వేసినవి, రాళ్లు అతికించినవి, కావాలని నల్లగా చేసిన ఆక్సిడైజ్డ్ వెండి, వీటికి ఈ పద్ధతి వాడకూడదు. జర్మన్ సిల్వర్‌కు ఇది పనిచేయదు, అందులో వెండే లేదు, రాగి, నికెల్, జింక్ కలిపిన లోహం అది. విభూతితో రుద్దడం పూజ సామాను వరకు బాగానే ఉంటుంది, వెండి పూత ఉన్నవాటికి వద్దు, పూత పోతుంది.

మన ప్రాంతంలో కొన్ని పనుల వల్ల నగలకు ప్రత్యేకంగా వచ్చే చేటు ఉంది, అదీ చెబుతాను. రొయ్యల ప్లాంట్లలో పనిచేసే ఆడవాళ్లు చేతులు క్లోరిన్ నీళ్లలో ముంచుతారు, చెరువుల దగ్గర బ్లీచింగ్ వాడతారు. క్లోరిన్ బంగారంలో కలిపిన లోహాలను తింటుంది, టంకం పెట్టిన అతుకుల దగ్గర ముందు పట్టుకుంటుంది. 18 క్యారెట్ల ఉంగరమైతే పొదుగు కొనలు ఒకరోజు ఉన్నట్టుండి విరుగుతాయి. ఇంట్లో బాత్రూము యాసిడ్, బ్లీచింగ్ వాడేటప్పుడు కూడా ఉంగరాలు, గాజులు తీసేయాలి. చెరువు అడుగు నల్లమట్టిలో హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది, అందులో దిగినవాళ్ల పట్టీలు, మెట్టెలు త్వరగా నల్లబడేది అందుకే. పొగాకు గ్రేడింగ్ చేసేవాళ్ల గాజులకు జిగురు బంక పడుతుంది, అది సబ్బుకు లొంగదు. రాళ్లు లేని గాజైతే ముందు కొబ్బరినూనె రాసి కాసేపు ఉంచి, తర్వాత కుంకుడు రసంతో కడిగితే వదులుతుంది. కార్తీక పౌర్ణమికి మైపాడుకో, కొత్తపట్నానికో సముద్ర స్నానానికి వెళ్లేటప్పుడు నగలు ఇంట్లో పెట్టి వెళ్లండి. ఉప్పునీళ్లు, ఇసుక అలా ఉంచితే, చల్లటి నీళ్లలో వేళ్లు కుంచించుకుపోయి ఉంగరం తెలియకుండా జారిపోతుంది.

బంగారం మీద ఉన్నట్టుండి వెండిలా తెల్ల మచ్చ పడితే అది పాదరసం కావచ్చు, పగిలిన థర్మామీటరు ముట్టుకున్నప్పుడు ఇలా అవుతుంది. దాన్ని ఇంట్లో పొయ్యి మీద వేడి చేయకండి, ఆ పొగ విషం. మిగతా నగలకు తగలకుండా విడిగా కట్టి పనివాడికి చూపించండి.

గిల్టు, వన్ గ్రామ్ గోల్డ్ నగలకు తడి తగలనివ్వకండి, వాడాక పొడి గుడ్డతో చెమట అద్ది జిప్ కవర్లో పెట్టండి, అంతే.

దాచే పద్ధతి. ఒక్కో నగ ఒక్కో మెత్తటి నూలు సంచిలో ఉండాలి. వజ్రపు దుద్దు, బంగారు గొలుసు ఒకే డబ్బాలో ఉంటే వజ్రం గొలుసును గీరుతుంది. రబ్బరు బ్యాండు వేయకండి, రబ్బరులో గంధకం ఉంటుంది, వెండికి నల్లటి చార పడుతుంది. ఉన్ని గుడ్డ కూడా వద్దు. వెండి సంచిలో ఒక సుద్దముక్కో, సిలికా జెల్ పొట్లమో వేయండి, మన తీరప్రాంతపు చెమ్మను అది పీలుస్తుంది. ముత్యాల దగ్గర మాత్రం సిలికా జెల్ పెట్టకండి, ప్లాస్టిక్ కవరులో బిగించి కూడా పెట్టకండి. మరీ ఎండిపోతే ముత్యం పైపొర పగులుతుంది. షాపువాళ్లిచ్చే గులాబీరంగు కాగితం నాలుగు రోజులకు పర్వాలేదు, ఏళ్ల తరబడి లాకర్‌లో ఉంచడానికి కాదు, చెమ్మ తగిలితే రంగు దిగుతుంది.

పాలిష్‌కి షాపులో ఇవ్వాలనుకుంటే, ఇచ్చేముందు మీ ఎదురుగా కాటా వేయించి, బరువు, రాళ్ల సంఖ్య చీటీ మీద రాయించుకోండి, ముందూ వెనకా ఫోటోలు తీసుకోండి. మిషను మీద మెరుగు పెట్టిన ప్రతిసారీ కొంచెం బంగారం పోతుంది, అది మోసం కాదు, మెరుగు స్వభావమే అంత. అందుకే ఏటా పాలిష్ పెట్టించడం నాకు నచ్చదు. కొత్తగా కొన్న నగలైతే వాటి మీద ఆరు అక్షరాలు, అంకెల హెచ్‌యూఐడీ అనే గుర్తింపు కోడ్ ఉంటుంది, 2023 ఏప్రిల్ 1 నుంచి అది లేకుండా హాల్‌మార్క్ నగలు అమ్మకూడదు. దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూస్తే క్యారెట్లు తెలుస్తాయి. మీ అత్తగారి నగలకు ఆ ముద్ర ఉండదు, అందులో తప్పేమీ లేదు, అందుకే ఫోటోలు, తూకం చీటీ ఇంకా అవసరం.

మీరు ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. ముత్యాల దండ రేపే గుచ్చడానికి ఇవ్వండి, పెళ్లిళ్ల సీజన్లో వాళ్లకు తీరిక దొరకదు. పట్టీలు సోడా, ఫాయిల్‌తో మీరే చేయండి. కాసులపేరుకు గుండ్లు ఉన్నాయో లేదో చూసి, ఉంటే తడి గుడ్డ, లేకపోతే కుంకుడు. హారాన్ని మాత్రం ఇప్పుడే ముట్టుకోకండి. వెనక వైపు మంచి వెలుతురులో ఫోటో తీసి, రెండు మూడు రాళ్ల దగ్గరగా జూమ్ చేసి ఇక్కడ పెట్టండి. మసక రాయి పైన ఉందో, తగడులో ఉందో చాలావరకు చూసి చెప్పగలను. తగడులోనే ఉంటే, మొత్తం హారం విప్పించక్కర్లేదు, ఆ రాళ్ల వరకే మార్పించుకోవచ్చు.